ఏటి మీద పాత వంతెన: నిలబెట్టుకుంటూనే కొత్తది కట్టుకోవడం ఎలా

వంతెన పాతబడిందనగానే అందరి కళ్లూ పడేది పైన గుంతల మీద, విరిగిన రెయిలింగు మీద. వంతెనలు కూలేది మాత్రం ఎక్కువగా కింద నుంచే. 2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలోని మహాడ్ దగ్గర సావిత్రి నది మీదున్న బ్రిటిష్ కాలపు రాతి వంతెనను వరద కొట్టుకుపోయింది. 2025 జులై 9న గుజరాత్‌లో మహీసాగర్ నది మీద గంభీరా వంతెన స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) ఒకటి జారి పడింది. అది 1985 నాటిది. పెడెస్టల్ (స్పాన్ కూర్చునే దిమ్మ), ఆర్టిక్యులేషన్ (స్పాన్ల అతుకు) నలిగిపోవడమే కారణమని ప్రాథమిక విచారణలో తేలింది. ఒకచోట ప్రాణం తీసింది నీరు, రెండోచోట స్పాన్ కూర్చునే గద్దె. రెండూ రోడ్డు మీద నుంచి కనబడేవి కావు.

మన ఉమ్మడి విశాఖ జిల్లాలో శారద, వరాహ, తాండవ, గోస్తని ఏవీ గోదావరి లాంటి నిలకడ ఉన్న నదులు కావు. తూర్పు కనుమల్లో పుట్టి కొద్ది దూరంలోనే సముద్రంలో కలుస్తాయి. ఏప్రిల్‌లో ఇసుక మేటల మీద పశువులు నడుస్తాయి. అక్టోబరులో ఒక్క తుపాను రాత్రికి అదే ఏరు ఒడ్లు ఒరుసుకుని పారుతుంది. పైన రైవాడ, తాటిపూడి, కల్యాణపులోవ లాంటి జలాశయాల గేట్లు ఎత్తితే ఆ నీళ్లూ తోడవుతాయి. కొండవైపు వంతెనలకు కోత బెడద, భీమిలి వైపు వంతెనలకు ఉప్పుగాలి బెడద, మధ్యలో ఉన్నవాటికి క్వారీ టిప్పర్ల బెడద. ఎక్కడ ఏది ముఖ్యమో తెలుసుకుని చూడటమే తనిఖీ.

రిజిస్టరు, సంచిలో సామాను

ఏడాదికి రెండు తనిఖీలు తప్పనిసరి. ఒకటి మే నెలలో, ఏరు అడుగు కనబడుతున్నప్పుడు. రెండోది తుపాన్ల కాలం దాటాక డిసెంబరులో, వరద ఏం చేసిపోయిందో తేల్చడానికి. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ఎస్‌పీ 35 పుస్తకంలో ఈ తనిఖీల ఫారాలన్నీ ఉన్నాయి. మూడు నుంచి ఐదేళ్లకోసారి నిచ్చెనో, పడవో, తనిఖీ బండో తెప్పించి ప్రతి భాగాన్నీ చేతికి అందేంత దగ్గర నుంచి చూడాలి. బైనాక్యులర్‌తో చూసినది ఈ లెక్కలోకి రాదు.

ముందుగా పేర్లు పెట్టండి. విశాఖ వైపు అబట్‌మెంట్ (ఒడ్డున స్పాన్‌ను మోసే గోడ) ఏ1, అక్కడి నుంచి పియర్లు (ఏట్లోని స్తంభాలు) వరసగా పీ1, పీ2, చివరి అబట్‌మెంట్ ఏ2. పేర్లను పియర్ల మీద పెయింటుతో రాయించాలి. ఒక ఏడు అటు నుంచి, మరో ఏడు ఇటు నుంచి లెక్కపెడితే పదేళ్ల రికార్డు చిత్తు కాగితాల కిందే లెక్క. ప్రతి ఫొటో ఏటా అదే చోట నిలబడి తీయాలి.

సంచిలో ఉండాల్సినవి: అరకిలో సుత్తి, పగులు వెడల్పు కొలిచే పారదర్శక కార్డు, వెర్నియర్, టార్చి, టేపు, మట్టపుగుండు, సుద్ద, ఎర్ర పెయింటు, ఆల్కహాల్‌లో కలిపిన 1 శాతం ఫినాఫ్తలీన్, 3 మీటర్ల పొడవున్న 12 మి.మీ. ఊచ, 30 మీటర్ల తాడుకు కట్టిన 2 కిలోల గుండు. తాడుకు అర మీటరుకో గుర్తు వేయాలి. నీళ్లలోకి దిగేవాళ్లకు లైఫ్ జాకెట్, ఒడ్డున ఇంకో మనిషి.

అడుగు కోత: అన్నిటికంటే ముందు

పియర్ ముక్కుకు తగిలిన ప్రవాహం కిందికి తిరిగి, సుడి కట్టి, ఇసుకను తోడేస్తుంది. పునాది వెల్ (బావిలా దించినది) అయినా పైల్ (నేలలోకి దించిన స్తంభం) అయినా దాన్ని పట్టుకుని ఉన్నది చుట్టూ ఉన్న మట్టే. ఆ మట్టి పోతే పునాది గట్టిగానే ఉంటుంది, దానికి పట్టు మాత్రం ఉండదు.

ప్రతి పియర్ చుట్టూ ఎనిమిది చోట్ల తాడు దించి లోతు కొలవాలి: ఎగువ ముక్కు, దిగువ తోక, రెండు పక్కలు, నాలుగు మూలలు. వాటితోపాటు ప్రతి స్పాన్ మధ్యలో ఒకటి. ఈ లోతులన్నిటినీ ఒడ్డున కదలని బెంచ్‌మార్కుకు ముడిపెట్టి మట్టాలుగా రాయాలి. నీటి మట్టం నుంచి కొలిచి వదిలేస్తే వచ్చే ఏడాది పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. మట్టాలను గ్రాఫు కాగితం మీద ఏటా ఒకే బొమ్మలో రంగు మార్చి గీస్తే, ఏ పియర్ దగ్గర ఏరు తవ్వుతోందో మూడో ఏటికల్లా కళ్లకు కడుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడు పడిన గోతిని, వరద తగ్గుతూ తగ్గుతూ తెచ్చిన ఇసుకతో ఏరే పూడ్చేస్తుంది. డిసెంబరులో చూస్తే అడుగు చదునుగా, ముద్దుగా ఉంటుంది. అందుకే ఊచ. పాత మట్టి మీద ఊచ ఆగుతుంది. కొత్తగా పూడిన ఇసుకలోకి చేతి బలంతోనే మీటరు, మీటరున్నర దిగిపోతుంది. ఎంత లోతు వరకు తేలిగ్గా దిగిందో అదీ రిజిస్టరులో రాయాలి, ఎందుకంటే నిజమైన కోత అంతవరకూ పోయినట్టు.

ఎంత కోతను భరించగలదో తేల్చడానికి లేసీ సూత్రం చాలు. మీటరు వెడల్పుకు వచ్చే ప్రవాహాన్ని వర్గం చేసి, సిల్ట్ ఫ్యాక్టరుతో భాగించి, ఘనమూలం తీసి, 1.34తో గుణిస్తే సగటు కోత లోతు వస్తుంది. సిల్ట్ ఫ్యాక్టరు అంటే ఇసుక రేణువు సగటు సైజు మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గమూలానికి 1.76 రెట్లు. ఉదాహరణకు వరద సెకనుకు 1,200 ఘనపు మీటర్లు, నికర జలమార్గం 120 మీటర్లు, రేణువు 0.5 మి.మీ. అనుకుందాం. పునాది లెక్కకు 3,000 చదరపు కిలోమీటర్ల లోపు పరీవాహకానికి వరదను 30 శాతం పెంచాలి, అంటే 1,560. మీటరుకు 13. సిల్ట్ ఫ్యాక్టరు 1.245. సగటు కోత సుమారు 6.9 మీటర్లు, పియర్ దగ్గర దానికి రెట్టింపు, 13.8 మీటర్లు. ఇది ఏటి అడుగు నుంచి కాదు, అత్యధిక వరద మట్టం నుంచి. వెల్ అడుగు ఆ మట్టానికి 1.33 రెట్ల లోతున, అంటే 18.3 మీటర్ల దగ్గర ఉండాలి. మీ పాత వెల్ 14 మీటర్ల దగ్గరే ఆగిపోయిందని డ్రాయింగులో తేలితే, పైన ఎన్ని మరమ్మతులు చేసినా అసలు జబ్బు అలాగే ఉన్నట్టు.

డ్రాయింగు దొరకదు. పాత వంతెనల్లో సగానికి ఇదే కథ. పియర్ పక్కనే బోరు వేసి పారలల్ సీస్మిక్ పరీక్ష చేయిస్తే పునాది ఎంత లోతున ఆగిందో తెలుస్తుంది. ఆ ఖర్చుకు వెనకాడొద్దు. ఆ ఒక్క అంకె లేకుండా తర్వాత తీసుకునే ఏ నిర్ణయమూ నిలవదు.

కోత మొదలైన చోట రాళ్ల యాప్రాన్ (పియర్ చుట్టూ రాళ్ల పరుపు) వేయాలి. రాయి 40 కిలోలకు తగ్గకూడదు. ప్రవాహం సెకనుకు 3 మీటర్లు ఉంటే సుమారు 38 సెం.మీ. రాయి, 76 కిలోలు. 4 మీటర్లకు 67 సెం.మీ., 417 కిలోలు. వేగం మూడో వంతు పెరిగితే రాయి బరువు ఐదున్నర రెట్లు కావాలన్నమాట. అంత రాయి దొరక్కపోతే చిన్న రాళ్లను తీగవల బుట్టల్లో కట్టి వేస్తారు. ఏది వేసినా దాని పైమట్టం ఏటి అడుగుతో సమానంగా ఉండాలి. లారీతో తెచ్చి పియర్ చుట్టూ గుట్టగా పోస్తే నీటి దారి ఇరుకై, కోత పక్క పియర్‌కు మారుతుంది. బిల్లు మాత్రం ఎలాగూ పాసవుతుంది.

ఇసుక తవ్వకాల సంగతి. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నిబంధనల ప్రకారం వంతెనకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదు. తనిఖీకి వెళ్లినప్పుడు ఎగువ, దిగువ అర కిలోమీటరు నడిచి, ట్రాక్టరు జాడలుంటే తేదీతో ఫొటో తీసి రెవెన్యూ, గనుల శాఖలకు రాతపూర్వకంగా పంపాలి. దిగువన తవ్విన గొయ్యి నెమ్మదిగా ఎగువకు పాకుతుంది. ఆ గొయ్యి వంతెన కింద లేదు కదా అని ఊరుకుంటే కుదరదు.

గద్దెలు, జాయింట్లు, నీటి గొట్టాలు

20 మీటర్ల స్పాన్ 40 డిగ్రీల తేడాకు దాదాపు 10 మి.మీ. సాగుతుంది. ఆ కదలిక కోసమే బేరింగు (స్పాన్ కూర్చునే గద్దె), ఎక్స్‌పాన్షన్ జాయింటు (స్పాన్ చివర వదిలిన సందు). జాయింటులో మట్టి, కంకర గట్టిపడితే స్పాన్‌కు సాగే చోటు ఉండదు, అబట్‌మెంటు గోడను తోస్తుంది. కాబట్టి మే నెలలో మొదటి పని జాయింట్ల గాడి గోకి శుభ్రం చేయడం. తర్వాత పియర్ క్యాప్ మీద పేరుకున్న మట్టి, పక్షుల గూళ్లు తీయించడం. ఆ మట్టి తడిని పట్టి ఉంచుతుంది. రోలర్ బేరింగు తుప్పుపట్టి బిగుసుకుపోయేది అక్కడే.

రబ్బరు బేరింగు అయితే పక్కకు వాలిన కొలత చూడాలి. రబ్బరు మొత్తం మందంలో 0.7 వంతు కన్నా ఎక్కువ వాలితే, పక్కల పగుళ్లు కనిపిస్తే, స్టీలు ప్లేటు అంచు బయటపడితే మార్చాల్సిందే. మార్చడానికి స్పాన్ ఎత్తాలి. 20 మీటర్ల స్పాన్‌కు స్లాబు 95 టన్నులు, మూడు గిర్డర్లు (స్లాబును మోసే దూలాలు) 67, వేరింగ్ కోటు (రోడ్డు పైపొర) 27, పేరపెట్, క్రాస్ గిర్డర్లు 30 దాకా. మొత్తం 220 అనుకుంటే ఒక చివర 110, గిర్డరుకు దాదాపు 37 టన్నులు. ఒక్కో గిర్డరు కింద లాక్‌నట్ ఉన్న 75 టన్నుల జాకీ పెట్టి, అన్నిటినీ ఒకే పంపుతో, 2 నుంచి 3 మి.మీ. చొప్పున ఎత్తాలి. ఒక గిర్డరు ముందు లేచి మరొకటి వెనకబడితే డెక్ స్లాబు పగులుతుంది. జాకీ కింద పియర్ క్యాప్ కాంక్రీటు బలం ముందే పరీక్షించాలి. ఎత్తేటప్పుడు వంతెన మీద ఒక్క సైకిలు కూడా ఉండకూడదు.

డ్రెయిన్ గొట్టాల సంగతి చిన్నదిగా కనబడుతుంది. గొట్టం గిర్డరు అడుగు కన్నా కిందికి దిగకపోతే వాన నీరు గిర్డరు పక్కనే జారి, అంచు ఊచలను తుప్పు పట్టిస్తుంది. జానెడు పైపు ముక్క అతికిస్తే పోయే సమస్యకు పదేళ్ల తర్వాత గిర్డరు రిపేరు చేయిస్తారు. ఇంకో అలవాటు, వంతెన మీద కూడా రోడ్డుతో పాటే తారు పొర వేసుకుంటూ పోవడం. 7.5 మీటర్ల వెడల్పులో 50 మి.మీ. పొర వేస్తే 20 మీటర్ల స్పాన్ మీద 17 టన్నులు శాశ్వతంగా ఎక్కి కూర్చుంటాయి. పాత పొర గీకి తీశాకే కొత్తది వేయాలి.

రాతి పియర్ల సందుల్లో రావి, మర్రి, జువ్వి మొక్కలు మొలిస్తే పైకి లాగి పడేయొద్దు. వేరు లోపలే ఉండి మళ్లీ లేస్తుంది. మొదలు దగ్గర కోసి, కోసిన చోట వెంటనే కలుపు మందు పూసి, వేరు చచ్చాక తీసి, సందును సిమెంటు గ్రౌటుతో నింపాలి.

కాంక్రీటు జబ్బులు, వాటి వైద్యం

సుత్తితో తట్టుకుంటూ పోవాలి. ఖంగుమంటే మంచిది. డొల్లగా మోగితే లోపల పెచ్చు విడిపోయింది, సుద్దతో చుట్టూ గీయండి. తుప్పు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, ఊచ వెంబడి పొడుగ్గా పగిలితే అది బరువుకు వచ్చిన పగులు కాదు, తుప్పుకు వచ్చింది. గిర్డరు మధ్య అడుగున అడ్డంగా ఉంటే అది వంపు పగులు. గద్దె దగ్గర ఏటవాలుగా ఉంటే షియర్ బలానికి (గిర్డరును అడ్డంగా తెంపే బలానికి) వచ్చినది. ఈ మూడోదే భయపడాల్సింది, ఆ రోజే పైఅధికారికి చెప్పాల్సింది. ప్రతి పగులు చివర గీత గీసి తేదీ వేస్తే, పెరుగుతోందో లేదో మరుసటి తనిఖీలో తెలుస్తుంది. 0.3 మి.మీ. దాటిన పగుళ్లను విడిగా జాబితా రాయాలి.

పెచ్చు తీసిన తాజా కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు వచ్చిన భాగం క్షారగుణం నిలుపుకుంది, రంగు రాని భాగం కార్బొనేట్ అయిపోయింది. రంగు రాని మందం ఊచ దాకా వచ్చిందా అన్నదే ప్రశ్న. భీమిలి వైపు గోస్తని ముఖద్వారం లాంటి చోట గులాబీ రంగు చూసి నిశ్చింతగా ఉండొద్దు. అక్కడ తుప్పు పట్టించేది ఉప్పులోని క్లోరైడు, దానికి ఈ పరీక్ష పనికిరాదు. కాంక్రీటు పొడిని లోతు లోతుకూ తీసి ల్యాబుకు పంపాలి. రాగి సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో హాఫ్‌సెల్ కొలత మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి పోతే తుప్పు పడుతూ ఉండటానికి 90 శాతం పైగా అవకాశం ఉన్నట్టు.

ఊచను శుభ్రం చేశాక వెర్నియర్ పెట్టండి. 25 మి.మీ. ఊచ 22కు తగ్గితే కంటికి పెద్ద తేడా ఉండదు, కానీ వైశాల్యం 22 శాతం పైగా పోయింది. అంత పోతే పక్కన కొత్త ఊచ ల్యాపు ఇచ్చి వేయాలి.

ప్యాచ్ పని వరస ఇది: డొల్ల భాగానికి చుట్టూ 50 నుంచి 100 మి.మీ. ఎక్కువగా, మంచి ఊచ కనిపించేదాకా చెక్కాలి. ఊచ వెనక 20 నుంచి 25 మి.మీ. ఖాళీ రావాలి. ఇసుక బ్లాస్టింగుతో తళతళలాడేదాకా తుప్పు తీసి, అదే పూట జింక్ ప్రైమరు పూయాలి. చెక్కిన కాంక్రీటును తడిపి, పైతడి ఆరనిచ్చి, పాలిమర్ మోర్టారు 10 నుంచి 15 మి.మీ. పొరలుగా కొట్టాలి. లోతు ఎక్కువైతే ఫారం కట్టి మైక్రోకాంక్రీటు పోయాలి. ఏడు రోజులు క్యూరింగు. తీరప్రాంతంలో ఇంత చేసినా రెండు మూడేళ్లకు ప్యాచ్ పక్కనే కొత్త తుప్పు లేస్తుంది. మేస్త్రీ పని చెడగొట్టాడనుకుంటారు గానీ కారణం అది కాదు. అంతవరకు తుప్పుపట్టే ఊచ తాను బలై పక్క ఊచను కాపాడింది. దాన్ని బాగు చేయగానే ఆ వంతు ఉప్పు ఎక్కిన పక్క కాంక్రీటులోని ఊచకు వచ్చింది. అందుకే ప్యాచ్ అంచుల్లో ఊచకు జింక్ యానోడ్ బిళ్లలు కట్టి మూయాలి.

కదలిక లేని పగుళ్లకే ఎపాక్సీ ఎక్కించాలి. కింది నిపుల్ (మందు ఎక్కించే మూతి) నుంచి మొదలుపెట్టి, పై నిపుల్‌లో మందు కనిపించగానే కిందిది మూసి పైకి వెళ్లాలి. వాహనం వెళ్లినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే పగులుకు ఎపాక్సీ పెడితే దాని పక్కనే ఇంకోటి పగులుతుంది.

బరువు బోర్డు ఎప్పుడు పెట్టాలి

పాత వంతెనలు చాలా వరకు ఐఆర్‌సీ క్లాస్ ఏ బరువుకు కట్టినవి: మొత్తం 55.4 టన్నుల వాహనశ్రేణి, అందులో బరువైన యాక్సిల్ 11.4 టన్నులు. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఒంటరి యాక్సిల్ పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది. అంటే ఇప్పుడు రూలు తప్పకుండా వెళ్లే లారీయే పాత లెక్కలోని అతి బరువైన యాక్సిల్‌ను కాస్త దాటుతోంది. అనకాపల్లి వైపు క్వారీల నుంచి నిండుగా వచ్చే టిప్పరు, పోర్టు నుంచి స్టీలు కాయిళ్లు మోసే ట్రెయిలరు సంగతి వేరే చెప్పాలా.

ఎస్‌పీ 37 ప్రకారం ఉన్న ఊచలతో, తగ్గిన వైశాల్యంతో లెక్క వేయించి, అనుమానముంటే ఎస్‌పీ 51 ప్రకారం లోడ్ టెస్టు చేయించాలి. పరిమితి పెట్టాల్సి వస్తే బోర్డు ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. రాత్రి పూట బోర్డు ఎవరూ చదవరు. రెండు చివరలా కాంక్రీటు దిమ్మలతో దారి ఒక లేనుకు కుదించి, భారీ వాహనాలు తిరగాల్సిన మలుపును వంతెనకు చాలా ముందే, వెనక్కి తిరగ్గలిగే చోట చూపించాలి. ఎత్తు గేటు పెడితే ఆర్టీసీ బస్సు, అంబులెన్స్, ఫైరింజను సంగతి ముందు తేల్చుకోవాలి.

తుపాను హెచ్చరిక రాగానే ఎగువ జలాశయం ఇంజినీర్ల ఫోన్లు అందుబాటులో ఉండాలి. పియర్ మీద ముందే గీసిన ఎర్రగీతను, అంటే గిర్డరు అడుగుకు మీటరు కిందిమట్టాన్ని, నీరు తాకితే రాకపోకలు ఆపేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పటిలా చెట్లు కూలితే మొద్దులు పియర్ల మధ్య అడ్డుపడి నీటిని ఎత్తిపెడతాయి. వాటిని తీయడానికి పొక్లెయిన్ ఒడ్డున సిద్ధంగా ఉండాలి. వరద దిగాక పియర్ల మీది లెవెల్ పిన్నులు (కుంగిందో లేదో చూసే గుర్తు మేకులు), మట్టపుగుండు, ఊచ ఈ మూడూ చూసేదాకా తెరవొద్దు.

మార్చాలా, బాగుచేయాలా

డెక్, గిర్డరు, బేరింగు పాడైతే బాగు చేయవచ్చు, స్పాన్ మార్చనూవచ్చు. పునాది లోతు చాలకపోయినా, వంతెన ఎత్తు చాలకపోయినా బాగుచేతతో తీరదు. సెకనుకు 300 నుంచి 3,000 ఘనపు మీటర్ల వరద వచ్చే ఏటికి నీటికీ గిర్డరుకూ మధ్య 1.2 మీటర్ల ఖాళీ కావాలి. గత వరదల చెత్త గిర్డరుకు వేలాడుతూ కనిపిస్తే జవాబు మీకు దొరికినట్టే. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా కొత్త వంతెన ఫైలు ఆ ఏడాదే తెరవాలి. తెరిచాక చాలా చోట్ల జరిగేది, ‘ఎలాగూ కొత్తది వస్తోంది’ అని పాతదాని మీద ఖర్చు ఆపేయడం. కొత్తది రావడానికి ఆరేళ్లు పడుతుంది. ఆ ఆరేళ్లూ బరువంతా మోయాల్సింది పాతదే.

ఆరేళ్లు ఎలా అవుతాయంటే, మొదటి ఏడు ఒక వానాకాలం కొలతలు, బోర్లు, డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక). రెండు, మూడు భూసేకరణ. 2013 చట్టంలో ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి డిక్లరేషన్‌కు 12 నెలలు, అక్కడి నుంచి అవార్డుకు మరో 12 నెలల గడువుంది. మూడో ఏడు చివర టెండరు. ఏట్లో పునాది పని మాత్రం మన దగ్గర డిసెంబరు నుంచి జూన్ మొదటి వారం దాకానే. టెండరు జనవరిలో ఖాయమైతే కాంట్రాక్టరు సామాను దించేసరికి మార్చి అవుతుంది, ఆ సీజను పోయినట్టే. కాబట్టి పని ఒప్పందం సెప్టెంబరుకు పూర్తయ్యేలా వెనక్కి లెక్కపెట్టుకుని ప్రతి ఫైలుకూ తేదీ వేసుకోవాలి. ఒక సీజను పునాదులు, రెండోది పియర్లు, గిర్డర్లు, మూడోది అప్రోచ్‌లు.

ఉప్పునీరు ఎగదన్నే చోట కట్టాలంటే 2019 సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలి) నోటిఫికేషన్ వర్తిస్తుంది. వేసవిలో నీటి ఉప్పదనం వెయ్యికి 5 పాళ్లున్నంత దూరం దాని పరిధే. ఆ దరఖాస్తు డీపీఆర్‌తోపాటే పెట్టాలి. వంతెనకు వేలాడుతున్న తాగునీటి పైపులు, ఫైబరు కేబుళ్లు, 11 కేవీ లైను ఎవరివో మొదటి నెలలోనే జాబితా రాయాలి. ఆఖరి నెలలో పని ఆపేది ఎప్పుడూ ఒక పైపే.

వరద లెక్క రెండు దారుల్లో చేయాలి. ఒకటి కేంద్ర జలసంఘం 4(ఎ) సబ్‌జోన్, అంటే ఎగువ తూర్పు తీరం పద్ధతి. రెండోది వరద మట్టం నుంచి ప్రవాహాన్ని లెక్కగట్టే మానింగ్ సూత్రంతో. మట్టం కోసం ఎగువ, దిగువ ఊళ్లలో కనీసం నలుగురు పెద్దవాళ్లను విడివిడిగా అడిగి, గుడి మెట్టో, ఇంటి అరుగో చూపించమని, ఆ గుర్తుకు లెవెల్ తీయాలి. ‘నడుం లోతు వచ్చింది’ అన్న మాట పనికిరాదు. రెండు లెక్కల్లో పెద్దదాన్ని తీసుకోవాలి. అయితే అది చిన్నదానికి ఒకటిన్నర రెట్లు దాటితే అక్కడికే పరిమితం చేస్తారు.

బోరు ప్రతి పియర్ చోటా వేయాలి. మన నేలలో ఖొండలైటు అనే రాయి పైన మెత్తగా కుళ్లి, మధ్యలో గట్టి గుండ్లు ఉంటాయి. డ్రిల్లు ఆగగానే రాయి తగిలిందని రాసేస్తే పైల్ గుండు మీద కూర్చుంటుంది. కనీసం 3 నుంచి 5 మీటర్లు కోర్ తీసి, ముక్కల పొడవు కొలిచాకే రాయి అనాలి.

కొత్త పియర్లు పాతవాటి వరసలోనే ఉండాలి. పాతది 10 మీటర్ల స్పాన్లు పన్నెండు అయితే కొత్తది 30 మీటర్లవి నాలుగు పెట్టి, ప్రతి మూడో పాత పియర్ వెనకే కొత్తది నిలపాలి. అలా కాకుండా పాత స్పాన్ మధ్యలోకి కొత్త పియర్ వస్తే రెండు సుడులూ కలిసి పాత పునాదిని తోడతాయి. పాతదాని పక్కనే వెల్ దించితే చుట్టూ మట్టి లాగేస్తుంది. పక్కన చోటు తక్కువైతే 1 నుంచి 1.2 మీటర్ల వ్యాసం బోర్ పైల్స్, ఇనుప కేసింగుతో వేయడం మేలు. తీరంలో కనీసం ఎం40 కాంక్రీటు, 50 మి.మీ. కవరు, స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిసిన సిమెంటు. క్లోరైడును ఆపడంలో స్లాగ్‌ది పైచేయి. కాకపోతే బలం నెమ్మదిగా వస్తుంది కాబట్టి క్యూరింగులో బద్ధకం పనికిరాదు.

పాత వంతెనను కూల్చి అదే చోట కట్టాల్సి వస్తే హ్యూమ్ పైపుల తాత్కాలిక దారి వేస్తారు. 1,000 మి.మీ. పైపులు ఇరవై పరిచినా, సెకనుకు 2 మీటర్ల వేగంతో దాటేది 31 ఘనపు మీటర్లే. 1,200 వచ్చే ఏటికి అది ఎండాకాలపు ముచ్చట. జూన్‌కు ముందే తీసేయకపోతే అది ఆనకట్టలా నీటిని ఎగదన్ని, తెగినప్పుడు ఒక్కసారిగా కింద కడుతున్న పియర్ల మీద పడుతుంది. అందుకే పక్కన చోటుంటే పక్కనే కట్టడం మేలు. రాజమండ్రిలో 1900 నాటి హేవలాక్ వంతెన మీద రైళ్లు 1997 దాకా నడిచాయి. ఆపే నాటికి పక్కన కొత్త ఆర్చి వంతెన సిద్ధంగా ఉంది.

కొత్తది తెరిచిన ఎండాకాలంలోనే పాతదాన్ని విప్పే పని టెండరులో భాగంగా పెట్టండి. విడిగా పెడితే ఎవరూ రారు. గిర్డర్లను క్రేనుతో దించి, పియర్లను ఏటి అడుగు కన్నా కిందికి కోసి, ముక్కలన్నీ ఒడ్డుకు చేర్చాలి. మొండిగా వదిలేసిన పియర్ ప్రతి వరదలోనూ మొద్దులను పట్టి కొత్త పునాది మీదికి నీటిని తిప్పుతుంది. నడకకో, పైపులకో పాతదాన్ని ఉంచాలంటే ఎవరి ఖాతాలో ఉంచుతున్నారో రాతపూర్వకంగా తేల్చి, మే, డిసెంబరు తనిఖీల పట్టికలో దాని పేరు కొట్టేయకుండా ఉంచాలి. కొత్త వంతెన రిజిస్టరులో మొదటి పేజీ పైల్ అడుగు మట్టాలు, రెండో పేజీ తెరిచిన రోజున తీసిన ఏటి అడుగు మట్టాలు.